లాభం

ఐదు, పది, పదిహేను, ఇరవై.
నీలం పళ్ళెం మీద సన్నటి బద్దతో
మాత్రల్ని ఐదేసి చొప్పున జరపడం నా ఉద్యోగం.
డేటన్‌లో, లాండ్రీకీ డోనట్ల కొట్టుకీ మధ్య,
పదకొండేళ్ళుగా ఊరి నొప్పినంతా లెక్కపెడుతున్నాను.
చెయ్యి తప్పదు.
నిద్రలో లేపి కుప్ప పోసినా
చూపుతోనే ఎన్నో చెబుతావంటాడు మా మేనేజరు డారెల్.

మొన్న ఆదివారం జలుబు మందు కోసం
బాత్రూమ్ అద్దం వెనక అర తెరిచాను.
మార్చిలో హిమజ మోకాలి ఆపరేషనుకి రాసిచ్చిన సీసా,
నారింజ రంగుది, లేబుల్ మా షాపుదే.
ఆరు వేసుకుని ఇక చాలంది పిల్ల.
ఇరవైలో ఆరు పోతే పద్నాలుగు.
సీసా తేలిగ్గా మోగింది.

వాష్‌బేసిన్ అంచున పోశాను.
ఐదు, పది, పదకొండు.
మళ్ళీ పోశాను.
ఈసారి ఐదేసి కాదు, ఒక్కొక్కటే,
మా అమ్మమ్మ కుంచంతో వడ్లు కొలిచినట్టు.
ఆవిడ ఒకటి అనేది కాదు, లాభం అనేది.
లాభం, రెండు, మూడు...
నోటిదాకా వచ్చిన ఆ మాట
అక్కడే ఆగిపోయింది.

మూడు తక్కువ.

హైస్కూలు కంచెకి కట్టిన బెలూన్లు చూశాను నేను,
వానకి నానిన బొమ్మ ఎలుగుబంట్లు,
పదహారేళ్ళ నవ్వు మీద అతికించిన ప్లాస్టిక్ కాగితం.
చూసిన ప్రతిసారీ లోపల ఒకటే సణుగుడు:
వీళ్ళిళ్ళల్లో కనిపెట్టి చూసేవాళ్ళు లేరేమో అని.
ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే
మీసాలు కాలవా అన్నారు పెద్దలు.
మీసాల్లేవు గనక
నాకు తగలదనుకున్నానేమో.

"మందు గురించి ఏమైనా అడగాలా?"
కౌంటరు దగ్గర ఈ మాట పరాయివాళ్ళతో
రోజుకి వందసార్లు అంటాను.
ఇంట్లో అడిగినవి:
తిన్నావా. చార్జర్ ఎక్కడ. ఎన్నొచ్చాయి.

రాత్రి దాని గదికి వెళ్ళేటప్పుడు
పరువు, పెంపకం, నలుగురూ ఏమంటారు,
అన్నీ వరసగా పేర్చుకునే వెళ్ళాను.
తలుపు తీసేసరికి అది
మోకాలి మీద ఐసు పెట్టుకుని
లెక్కల హోంవర్కు చేస్తోంది.
పేర్చినవన్నీ కూలాయి.
సీసా మంచం మీద పెట్టి
"పదకొండున్నాయి" అన్నాను. అంతే.

చాలాసేపు ఐసు కరిగింది.

"ఒకటి నేనే. నొప్పికి కాదు.
టీంలో నా చోటు వేరేవాళ్ళకిచ్చిన రోజు,
ఏమీ అనిపించకుండా ఉండాలని.
అనిపించలేదు కూడా.
అందుకే భయమేసింది."
మిగతా రెండు?
"కేలీ అడిగింది. వాళ్ళమ్మ వెళ్ళిపోయాక
నిద్ర పట్టట్లేదట.
అమ్మా, అది చెడ్డది కాదు."

చెడ్డదని నేననలేదు.
ఇప్పుడెలా ఉంది నీకు, అన్నాను.
అడగడం నాకొచ్చిన పనే కదా.
రెండింటిదాకా చెప్పింది.
మధ్యలో పెరుగన్నం కలిపి తెస్తే
ముద్దలు పెట్టించుకుంది,
తనకి పదిహేనేళ్ళని గుర్తొచ్చేదాకా.

సోమవారం మా షాపులో,
బీపీ మిషను పక్కనుండే పాత మందుల డబ్బాలో
దాని చేత్తోనే వేసింది.
ఆ డబ్బా దుమ్ము రోజూ తుడిచేది నేనే.
మా ఇంటి సీసా ఒకటుందని
ఎనిమిది నెలలు తట్టలేదు.
అడుగుకి దొర్లిన చప్పుడు విన్నాం ఇద్దరం.
పదకొండే. ఆ మూడూ తిరిగి రావు.

ఇప్పుడు కారులో కూర్చున్నాం, ఇంజను ఆపేసి.
"ఇక జన్మలో నాతో మాట్లాడదు" అంటూనే
కేలీ వాళ్ళ నాన్న నెంబరు హిమజే నొక్కింది.
ఆయనకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీదు నాకు.
మోగుతోంది.
ఒకటి అననా, లాభం అననా.
రెండు.
మూడు.
ఎవరో ఎత్తారు.