ఎడమ చెయ్యి

ముందురోజు సాయంత్రం మణికట్టు పట్టుకుంటాను.
రెండు నాడుల మీదా వేళ్లు వేసి నొక్కి
పిడికిలి బిగించమంటాను, విప్పమంటాను.
అరచెయ్యి వెల్లవేసిన గోడవుతుంది.
చిటికెనవేలి వైపు నాడి వదిలేసి అంకెలు లెక్కపెడతాను.
నాలుగు అనేలోపే
పెనుమాల దయామణి అరచేతిలోకి ఎరుపు తిరిగొచ్చింది.

మంచి చెయ్యి. ఒక ధమని తీసేసినా
రెండోది పోషిస్తుంది.
కాగితం మీద టిక్కు పెట్టబోతుంటే అడిగింది:
"ఏ చెయ్యమ్మా కోసేది?"
ఎడమది. మీది కుడిచేతి వాటమే కదా?

"సూది కుడిచేతిదేనండి. లేసు మాత్రం ఎడమచేతిది.
దారం వేలికి చుట్టుకుని బిగువు చూసేది ఇదేనండి.
ఇది మొద్దుబారిందంటే నేనల్లేది లేసు కాదు, వల."

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వశిష్ట దాటి
నర్సాపురం మీదుగా భీమవరం వచ్చిన మనిషి.
తలగడ కింద సగం అల్లిన బల్లగుడ్డ,
నెలాఖరుకి ఇవ్వాలట.

డాక్టరుగారు అన్నారు:
చేతి ధమని ఎక్కువేళ్లు మన్నుతుంది,
కాలి సిర ముందే పూడిపోవచ్చు. అది కూడా చెప్పు.
చెప్పాను.
గళ్లు లెక్కపెట్టుకున్నట్టు పెదవులు కదిపింది.
"కాలిదే తీసుకోండి. కూర్చుని చేసే పనే కదా నాది."

*

గుండె వాళ్లది. కాలు నాది.
పైన రంపం రొమ్ముటెముక మీద నడుస్తోంది,
కింద నేను.

కెమెరా గొట్టంతో అయితే రెండు చిన్న గాట్లు చాలు,
మచ్చ కూడా మిగలదు.
ఇవాళ పొడుగ్గానే కోశాను.
సిరను ఒలవకుండా, చుట్టూ ఉన్న పసుప్పచ్చ కొవ్వుతో సహా,
పనస తొనను పీచుతో తీసినట్టు.
పట్టకారు కొవ్వునే పట్టుకోవాలి, సిరను ముట్టకూడదు.
ఇలా తీసినది ఎక్కువకాలం తెరుచుకుని ఉంటుందంటారు.
ఆమె వదులుకున్న ఏళ్లలో
కొన్నైనా తిరిగి రాబట్టాలని.

పక్క కొమ్మ దొరికినచోటల్లా నల్లదారం ముడి.
మరీ దగ్గరగా వేస్తే నాళం నొక్కుకుంటుంది,
దూరమైతే గడ్డకట్టడానికి ఒక మూల మిగులుతుంది.
పదకొండు కొమ్మలు.
సిరంజితో గట్టిగా కొట్టి ఉబ్బించను.
అలా లోపలి పొర చింపిన రోజులు నాకూ ఉన్నాయి;
ఆ మనుషుల పేర్లు గుర్తులేవు, కాళ్లు గుర్తున్నాయి.

మా నాన్న విజ్జేశ్వరం లాకుల దగ్గర లస్కరు.
తలుపుని మనం మూయం, నీరే మూస్తుంది అనేవాడు.
సిర లోపల తలుపులూ అంతే, ఒక్క వైపే దారిస్తాయి.
అందుకే తిరగేసి కుట్టాలి:
చీలమండ కొస పైన మహాధమనికి,
తొడ కొస గుండెకి.
చీలమండ కొసకి క్లిప్పు పెట్టి
పళ్లెంలో అందిస్తూ పైకే చెబుతాను, "ఇది పైకొస."
ఇన్నేళ్లయినా, ప్రతిసారీ.

"ఎంతుంది?"
"రెండు దారులకి సరిపోతుందండి."

*

ఐదోరోజు కట్టు విప్పాను.
కళ్లజోడు అడిగి పెట్టుకుని
కాలు పొడుగునా చూసుకుంది చాలాసేపు.
"ఎవరు కుట్టారు?"
నేనే.
"ఆయ్. పైన బానే ఉంది.
మోకాలి కింద దారం లాగేశావమ్మాయ్,
ఉతికితే ముడుచుకుపోద్ది."

తలగడ కింద నుంచి బల్లగుడ్డ తీసింది.
"ఏదీ, నీ ఎడమ చెయ్యి ఇటివ్వు.
చూపుడువేలు ఇలా ఎత్తి పెట్టు. వదులుగా. ఇంకా వదులుగా."

పక్క మంచం మణికట్టు చూడాల్సి ఉంది.
నా వేలి చుట్టూ దారం రెండుసార్లు తిరిగింది.