లంగరు రాయి

ఈ ఎండకాలం బ్యారేజీ నీళ్లు
రెండు నిలువులు దిగినయి.
మంథని అవతల, పడవల నేను రిజిస్టరు పట్టుకొని.
నీళ్లల్ల ఓదెలు.

మొదటి మునకకు నడుమ బొక్క ఉన్న రాయి.
సారు దాన్ని పసిపిల్ల లెక్క ఒళ్లోకి తీసుకున్నడు:
"లంగరు. శాతవాహనుల నాటిది కావచ్చు.
ఇక్కడ రేవుండేది."
చేపల తక్కెడల తూచి రాసిన:
ఒకటి. రాయి. పదకొండు కిలోలు.

రెండో మునకకు మూతి పగిలిన కూజా.
లోపలి ఒండ్రుల ఒక సీసం నాణెం,
ఏనుగు ఒక దిక్కు, అరిగిపోయిన రాజు ఇంకో దిక్కు.

మూడో మునక ఆలస్యమైంది.
బుడగలు ఒక్కకాడ నిలవలేదు,
ఎరుకైన వాడకట్టుల తిరుగుతున్నట్టు
మలుపు మలుపుకూ ఆగి కదిలినయి.

తేలినంక చేతిల రేకుముక్క.
పాచి గీకితే నీలం మీద తెల్ల అంకెలు: 3-41.
"మా పెద్దవ్వ ఇల్లు.
రేవుకు పోవాల్నంటే మా ఊరి మీదికెళ్లే పోవాలె సారూ.
ఆ దినం తొందరల
దర్వాజ దగ్గరేసుడు మరిచిపోయినం."

సారు కండ్లద్దాలు తుడుచుకున్నడు.
రేవుకు రెండువేల ఏండ్లు.
ఊరికి తొమ్మిది.
నాలుగు. రేకు.
'కాలం' అన్న గడి కాడ
కలం ఆగింది.

సారు చెప్పకముందే ఓదెలు మల్ల మునిగిండు.
చానసేపటికి నా చేతిల తాడు
రెండుసార్లు గుంజుకున్నది.

రేవు దొరికిందో,
దర్వాజ మూసిండో.