ఐదుకు ఎన్ని

సాయంత్రం నాలుగింటికి కాలేజీ ఇడుస్తది.
నాలుగున్నరకల్లా నేను
నాగర్‌కర్నూల్ బస్టాండు ఎనుక, ఎరువుల దుకాణం పైన,
మోటర్ల కంపెనీ సర్వీసు ఆఫీసుల
చెవులకు డొప్పలు పెట్టుకొని కూసుంట.
నెలకు నాలుగువేల ఐదొందలు.

మొదటి దినం మొయిన్ భాయ్
గోడకు అంటించిన కాయితం సూపించిండు:
"నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?"
పాఠం లెక్క పదిసార్లు సదివిన.
పదకొండోసారి నిజంగనే ఫోను మోగింది.
బిజినేపల్లి కాడి నుంచి ఒక ఆడగొంతు:
"ఏంది బిడ్డా, వార్తలు సదువుతున్నవా?"

క్లాసుల పేరు పిలిస్తె 'ప్రెజెంట్' అననీకె
రెండుసార్లు గుటక మింగేదాన్ని.
ఇక్కడ పూటకు నలభై మంది.
సగం మందికి కోపం, సగం మందికి సిగ్నల్ లేదు.

కాయితంల లేనివి మెల్లగ దొరికినయి.
తిట్టేటోన్ని మధ్యల ఆపొద్దు,
ఊపిరి తీసుకునేకాడ "అవునన్నా" అనాలె.
కెపాసిటర్ అంటె అర్థం గాదు,
"డబ్బి కాలిందా" అంటె అయితది.
ఊరి పేరు అడిగినంక వాన పడ్డదా అని అడిగితే
మనిషి కుర్సీ ఏసుకొని కూసున్నట్టు మాట్లాడుతడు.

మొయిన్ భాయ్‌ది మాత్రం ఒక్కటే మాట.
లైన్‌ల మూడు సెకన్లు దాటి సప్పుడు లేకుంటె
కంప్యూటర్‌ల ఎర్రగీత పడతది, జీతంల కోత పడతది.
గందుకే ఖాళీలన్ని నింపుతుండె:
చూస్తున్నా అన్నా, ఒక్క నిమిషం అన్నా,
లైన్‌లనే ఉన్నా అన్నా.
ఇంట్ల అమ్మ ఉప్పు అందియ్యమంటె గూడ
"తప్పకుండా అండీ" అన్న.
మా తమ్ముడు ఇంకా ఎక్కిరిస్తనే ఉన్నడు.

మార్చిల కుర్మయ్య ఫోను చేసిండు, లింగాల దిక్కు.
"మోటరు తిరుగుతున్నది. నీళ్ళు రాలె."
రెండోనాడు అదే మాట.
మూడోనాడు ఫోను తీస్కపోయి
పైపు మూతికాడ పెట్టిండు: "నువ్వే ఇనుకో."
ఇన్న.
మొదలు ఒక దగ్గు. తర్వాత ఉత్త గాలి,
ముసలోళ్ళు నిద్దట్ల ఇడిసే ఊపిరి లెక్క.

మెకానిక్ జహంగీర్ పోయి చూసొచ్చి రాసిండు:
మోటరు బాగుంది. బోరు ఎండింది.
ఫిర్యాదు ముగించవచ్చు.

ముగించనీకె నేనే ఫోను చెయ్యాలె.
"మా మోటరులో ఎటువంటి లోపమూ లేదు"
అని ఉంది కాయితంల.
అది అబద్ధం గాదు. గని, చెప్పినట్టు గూడ గాదు.

"తాతా, మోటరు మంచిగున్నది.
కింద నీళ్ళు అయిపోయినయి."

"జహంగీర్ గూడ గిదే చెప్పిండు బిడ్డా.
గని ఆయన బండి స్టార్ట్ చేసుకుంట చెప్పిండు."

ఆ తర్వాత అడగాల్సింది అడిగిన:
మా సేవకు ఐదుకు ఎన్ని మార్కులు ఇస్తరు?
అడిగినంక నాలిక కరుసుకున్న.

"నీకు ఐదెయ్యి. మోటరుకు ఐదెయ్యి.
మరి బోరుకు ఎన్నెయ్యమంటవ్?"

"చూస్తున్నా తాతా" నోట్ల తయారుగనే ఉండె.
అనలె.
ఒకటి, రెండు, మూడు. దాటిపోయినయి.
అవతల మేక అరిసింది.
అగ్గిపుల్ల గీసిన సప్పుడు, మళ్ళొకసారి గీసిన సప్పుడు.
మొయిన్ భాయ్ ఎర్రగీత దిక్కు చూసి, నా దిక్కు చూసి,
చెప్పులేసుకొని కిందికి ఛాయ్‌కు పోయిండు.

కుర్మయ్య ఫోను పెట్టెయ్యలె.
నేను గూడ.