వేలెడు సందు

గురువారం గురువారం వచ్చేవాడివి.
క్షమించాలి, వచ్చేవారు.
అప్పటికింకా మీరు మీరే,
కెర్ముర్ కోట దొర,
మెడదాకా గుండీలు, మోచేతిదాకా తోలు తొడుగులు,
ఆగస్టు ఎండలో కూడా.

నేను అజెనోర్‌ని.
బ్రెటనీ తీరాన నలభై ఉప్పుమడులకు కౌలుదారుని.
మావాళ్ళు మడిని చిన్నకన్ను అంటారు.
నాన్న పోయిన ఏడు ఊరి పెద్దలు చర్చి గుమ్మంలో నిలబడి
"ఒక్క ఆడపిల్ల, నలభై కళ్ళు ఎలా కాస్తుంది?" అన్నారు.
నాకున్నవి రెండే, నిజమే.
వాటిని మూయడం మానేశాను.

కుప్పలు మీరే కొలిచేవారు. మూడో వంతు మీది.
గుమాస్తాను పంపొచ్చుగా అనుకునేదాన్ని,
అడగలేదు.
కోటలో వంటమనిషి సొయిజిక్ చెప్పేది:
దొర గోడకు వీపు ఆనితేగానీ కూర్చోడట,
ఎవరి ముందూ ఉత్తరం విప్పడట,
యుద్ధంలో పోయిన అన్న పేరెత్తితే
విస్తుపోయి చూసి, భోజనం సగంలో లేస్తాడట.
ఊరంతా దాన్ని పొగరు అంది.
నేనూ అన్నాను, ఒక్కసారి కాదు.

ఒకనాడు కాలవ గట్టున వంగి అడిగారు,
ఈ పలకరాయి సముద్రాన్ని ఆపడానికా అని.
"పిలవడానికి" అన్నాను.
"వేలెడు సందు చాలు దానికి.
ఒక్కసారిగా ఎత్తేస్తే
వచ్చేవి నీళ్ళే దొరా, ఉప్పు కాదు."
ఆ రోజు మీ లెక్క తప్పింది,
ఏడు గంపలు తక్కువ రాసుకున్నారు.
నాకు లాభమే, అయినా దిద్దాను.
దానం అరగదు నాకు.

తర్వాత ఆ మబ్బు.
పడమట కడలి మీద గుర్రపు జూలులా లేచింది.
ఇక వానొస్తే నెల రోజుల ఎండ నీళ్ళపాలు.
నేను పరుగెత్తుతున్నాను,
చుట్టకుదురు జారి బురదలో పడింది,
వెనక్కి చూస్తే
తొడుగులు గట్టు మీద ఉన్నాయి,
చెక్కపార నీ చేతిలో ఉంది.
ఎడమ అరచెయ్యి కాలి మానిన తోలు,
నాలుగో మడికే పగిలింది. ఉప్పు దూరింది.

"మండుతోంది" అన్నావు.

ఎన్నేళ్ళ తర్వాత చెప్పిన నిజమో అది.
నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు.
"కుండలో మంచినీళ్ళున్నాయి, కడుక్కో" అన్నాను,
దొరని పట్టుకుని, ఏకవచనంలో.
గుర్రం కూడా తలతిప్పి చూసింది.

సగం కుప్ప కరిగిపోయింది.
గడ్డి చూరు కింద, నా వైపు చూడకుండా,
"మందుగుండు అంటుకున్నప్పుడు
అన్న చెయ్యి పట్టి లాగాను" అన్నావు.
"చెయ్యి వచ్చింది."
అంతే. వాన చాలాసేపు కురిసింది.

అక్టోబరులో అడిగావు, కోటకు రమ్మని.
నలభై రెండు కిటికీలట.
"ఒక్కటైనా మడుల వైపు తెరుచుకుంటుందా?
కౌలు నా పేరునే ఉంటుంది, పార నా చేతిలోనే.
నీ మూడో వంతు గింజ తగ్గకుండా ఇస్తాను.
దొరసానిగా మాత్రం రాను."
నువ్వు గుర్రమెక్కి వెళ్ళిపోయావు.
ఆ రాత్రి చేపల పులుసులో ఉప్పు మరిచాను,
ఉప్పు పండించేదాన్ని.

చలికాలమంతా ఒక్క గురువారమూ రాలేదు.
మార్చిలో కోట పడమటి గోడకు సుత్తి దెబ్బలు,
మూడు రోజులు.
తాతలనాటి గోడ, పిచ్చి పట్టిందని ఫాదరీ గొణిగాడు.
నాలుగో రాత్రి చీకట్లో
ఇంతవరకు లేనిచోట ఒక దీపం.
నేను వెళ్ళలేదు. తలుపు తెరిచి
చలికి వణుకుతూ చూశాను, అంతే.

ఇవాళ వచ్చావు.
తొడుగుల్లేవు, లెక్కల పుస్తకం లేదు,
చెప్పులకు బురద.
కొత్త ఏడాది మొదటి నీళ్ళకు పలక ఎత్తాను, వేలెడు.
వంగి చూసి "ఇంకొంచెం" అన్నావు.

తొందరేముంది,
పోటు ఇప్పుడేగా మొదలైంది.