తీగె లేని వరుస

పట్నం నుంచి వచ్చిన పిల్లలు
ముడుమాల చెల్కల నిలువురాళ్ల నడుమ
టేపు పట్టి కొలుస్తున్నరు.
పద్నాలుగు ఫీట్లు. వాళ్ల సారు రాసుకుంటున్నడు.
క్రేను లేదు, చక్రమన్న ఉండెనో లేదో,
ఎట్ల లేపిన్రో ఇప్పటికీ అంతు చిక్కలేదు, అంటున్నడు.

నాకు నవ్వొచ్చింది. ఊకున్న.
కరెంటాఫీసుల హెల్పరుగ ముప్పై ఒక్క ఏండ్లు.
అడిగెటోడు అడిగితేనే చెప్పాలె.

మా అవ్వ శాపం అంటుండె,
కళ్లంల మనుషులు నిలవడ్డకాడనే రాళ్లయిన్రని.
మంచిదే.
కానీ మొన్నటి వానకు ఒరిగిన రాయి మొదట్ల
మన్ను కోసుకపోయి గుంత బయటవడ్డది.
మూడు దిక్కుల నిటారు, ఒక దిక్కు వాలు.

వంగి చూసి అట్లనే కూసున్న.
గది నా గుంత.
గుడెబల్లూరు లైను ఏసిన ఎండకాలం
బండి పోని నల్లరేగడిల
నేను, మారెప్ప, ఖాజామియా, ఇంకో ఎనమండుగురం
సిమెంటు పోలు మొదలును ఆ వాలు మీదికెల్లే జార్పినం.
తలకాయ కింద కత్తెర కర్రలు, రెండు పక్కల మోకులు.
ఐసా అంటే జానెడు. ఆగు. కర్ర మార్చు.
ఐసా అంటే ఇంకో జానెడు.
నిలవడ్డంక సందుల్ల రాళ్లు కొట్టినం,
గివే రాళ్లు, గింతే సైజు.
మారెప్ప బొటనవేలు ఆ గుంతలనే ఉన్నది ఇంక.

సారుకు చెప్పిన. పేరడిగి రాసుకున్నడు, తాయప్ప అని.
పిల్లలు నా చేతులు ఫోటో తీసిన్రు.

వాళ్లు పోయినంక పట్టుకున్నది నాకు అసలు చిక్కు.
పోలు ఎవ్వడూ ఊకె నిలబెట్టడు.
ఈ కొసకెల్లి ఆ కొసకు ఏదో పోవాలె.
గిన్ని నిలబెట్టిన్రు, వరుస తప్పకుంట,
మరి తీగె ఏది?
ఎవలింటికి ఈ లైను?

పొద్దు గూకుతుంటే
ఒక రాయి నీడ సాగి సాగి
ఇంకో రాయి మొదలుకు తాకింది,
దాని నీడ ఇంకోదానికి.
ఇన్సులేటరు కోసం తల పైకెత్తిన, పిచ్చోని లెక్క.

అరచేతితోని ముట్టద్దు, పట్టుకుంటది.
కొత్తగ వచ్చినోనికి మొదలు అదే నేర్పేటోళ్లం.
అలవాటు పోలే.
చెయ్యి తిప్పి, వేళ్ల వెనక పక్క
మెల్లగ ఆనిచ్చిన.

చీకటైంది.
రాయి ఇంక వెచ్చగనే ఉన్నది.