మంచు ఎట్లుంటదంటే

టికెట్టు చింపక ముందే చెప్తున్న, ఇనుండ్రి.
బయట నలభై మూడు, లోపల మైనస్ ఐదు.
నడుమ రెండు తలుపులు, ఒక రబ్బరు పరదా,
నేను.

సినిమాల చూసిన మంచు మొగులు నుంచి రాల్తది.
ఇక్కడ పైపుల నుంచి.
పొద్దున పదకొండింటికి వస్తే మంచిగుంటది:
రాత్రంతా మిషన్ కూసింది, పార పట్టి నేనే పరిచిన,
మూరెడు మందం. మడిమ కింద
కొత్త బియ్యం బస్తా లెక్క కరకరమంటది.
అప్పుడు వాలు మీద జారితే
మీ పాణం మీకంటే ముందు కిందికి దిగుతది.

మూడు దాటితే నాది హామీ లేదు.
వంద మంది ఊపిరి తగిల్తే ఏదైనా మెత్తబడ్తది.
ఆదివారం సాయంత్రానికైతే అది మంచు కాదు,
గోలా బండి మీద గోనెసంచి కింద మిగిలిన ముక్క.
పడ్తరు. పడ్డంక జర నవ్వుండ్రి,
లేవనీకి తొందర పడకుండ్రి.

కరెంటు పోతే జనరేటరుంది.
జనరేటర్ ఒక్కసారే పోయింది, నలభై నిమిషాలు.
పెంగ్విన్ బొమ్మకు ముక్కు కారింది.
కరిగిన నీళ్లు బకెట్ల పట్టి
జైబున్ ఆపా బాత్రూంలు కడిగింది,
"ఇయాల స్విట్జర్లాండ్‌తోని కడుగుతున్న" అనుకుంట.

జాకెట్ తడిగుంటది, తెలుసు.
మీకంటే ముందు తొడుక్కున్నాయన చెమట అది.
ఆయన గూడ భయపడ్డడు, ఆయన గూడ ఫొటో దిగిండు.

మొన్న సైనిక్‌పురి నుంచి ఒక పెద్దాయన వచ్చిండు,
మనుమరాలితోని. నా ముచ్చట ఇననే లేదు.
వంగి, పిడికెడు మంచు పిండి, ఇడిసిపెట్టి,
"తడి ఎక్కువుంది" అన్నడు,
మార్కెట్ యార్డుల వడ్లు చూసే సేటు లెక్క.
పొల్లకు గ్లౌజులు తొడుగుతూ
ఒక్కొక్క వేలు లెక్కబెట్టిండు.
బయటికొచ్చినంక మళ్ల లెక్కబెట్టిండు.
పది.
అప్పుడు చూసిన, ఆయన కుడిచేతికి మూడే.
ఏడ సార్ అని అడగలే.

ఆ దినం నుంచి నా ముచ్చటల ఒక మాట కలిసింది:
వేళ్లు తిమ్మిరెక్కితే చెప్పుండ్రి,
సిగ్గు పడకుండ్రి.

రాత్రి షట్టర్ దించి కూకట్‌పల్లి రోడ్డెక్కితే
ఎండ పోయినా గోడలకు జ్వరం పోదు.
షేర్ ఆటోల, నా మోకాలు కాడ
పాంటు మడతల చిక్కిన మంచు
నిమ్మళంగ నీళ్లయితది.
పక్కన కూసున్నామె తడి తాకి జరుగుతది,
మొగులు దిక్కు చూస్తది.
"యాడ పడ్డదన్నా వాన?"

పడ్డదమ్మా, అంట.
మా దిక్కు పడ్డది.