రెండంగుళాలు

ఖాళీగా ఉన్నప్పుడు నా బండి
తల వంచుకోని నిలబడతాది
అప్పు అడగను వచ్చినోడి మాదిరి.
వెనక కమాన్లు బిర్రుగా, ముక్కు నేలకి.
గంగపట్నం దాటినాక మూడో తూము కాడ
రోజూ బంపరు మట్టి నాకతాది.
ఆ గీరుకున్న చప్పుడు
తెల్లారేదాకా నా పళ్ళ సందుల్లోనే.

నెల్లూరు ఆటోనగర్లో ఖాజావలి షెడ్డు.
కింద దూరి, టార్చి కొట్టి,
రెండు దార్లు చెప్పినాడు.
ముందర మాత్రం రెండంగుళాల ఇనప ముక్క:
సగం పూట పని, తొమ్మిది వేలు, టీలు నావి.
ముక్కు లేచి నడుంతో సమానం అయితాది.
లేదంటే బండి మొత్తం నాలుగంగుళాలు పైకి:
కొత్త కమాన్లు, పొడుగు షాకబ్జర్లు,
బ్రేకు గొట్టాలు, షాఫ్టు వాలు, లావు టైర్లు...
లెక్కపెడతా పెడతా వలీకి వేళ్ళు అయిపోయినాయి.
"ఇంక బ్రేకు ఇన్‌స్పెక్టరుకి నువ్వే చెప్పుకో నా."

నిజం చెప్తా. నాకు రెండోదే కావాల.
కోవూరు కాడ ఒకదాన్ని చూసినా, వానలో.
రోడ్డు మింద మోకాలి లోతు నీళ్ళు.
కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నట్టు
ఒళ్ళు తడవకుండా దాటిపొయింది.
ఆ రాత్రి అన్నం కలపతా కలపతా ఆగిపొయినా.
"ఎవుర్ని తలుచుకుంటుండావు?" అనింది మా సులోచన.
బండిని అంటే నమ్మలే.

వలీ తొందరపెట్టలా.
నట్లు కిరసనాయిల్లో కడగతా
"ఖాళీ బండికి కొలతలు తీస్తుండాం మనం.
లోడేసి ఒకసారి చూసుకో పో" అన్నాడు.

ఆ రాత్రి రొయ్యల పట్టుబడి.
టేపు జేబులో ఏసుకోని పొయినా.
నలభై ట్రేలు, ఐసు కారతా.
వెనక కుదేసుకుంది బండి,
ముక్కు తనంతట తానే లేచింది.
గట్టు మింద కొలిచినా: ముందూ వెనకా ఒకటే.
పైసా ఖర్చు లేకుండా సమానం.
మళ్ళీ ఖాళీ అయితే మళ్ళీ తల వంపు.

అంతకుముందు, ట్రేలు ఎక్కేటప్పుడే,
ఇంకోటి చూసినా.
వెనక డోరు అంచు చెంగమ్మకి గుండెల కాడికి.
ఇరవై ఐదు కిలోల ట్రే.
మోకాలితో ఒక తోపు, కడుపుతో ఒక తోపు,
చివర్న గడ్డంతో.
ఉప్పునీళ్ళు మోచేతుల్నించి చంకల్లోకి.
ఊరకనే, ఎందుకో,
అంచు మింద ఇంకో నాలుగంగుళాలు టేపు పట్టినా.
ఆమె గొంతు కాడికొచ్చింది.
"ఏంది నా, నాకు జాకెట్టు కుట్టిస్తావా?"
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.
నవ్వతానే లెక్క ఏసినా, ఏసుండకూడదు:
నలభై నాలుగులు నూట అరవై అంగుళాలు.
పదమూడడుగుల పైమాట.
రాత్రికొక మిద్దె ఎక్కించాల ఆమె, రొయ్యల్తో సహా,
నేను కోవూరు వానలో బాగా కనపడేదానికి.

ముందర ముక్కే ఏయించినా.
వలీ లైట్ల మర రెండు చుట్లు కిందికి తిప్పినాడు.
"లోడుతో వచ్చేటప్పుడు కొంగలకి దారి చూపిస్తావు,
ఎదురొచ్చే సైకిలోడికి కళ్ళు పోతాయి."
టీలకి తొంభై అయింది.

మూడో తూము కాడ ఏం తగల్లే.
చప్పుడు కోసం చెవి మటుకు ఆడే ఆగింది, అలవాటు.

గట్టు కాడ పార తీసుకోని
వెనక చక్రాలకి రెండు గోతులు తవ్వినా,
జానెడు లోతు. బండి వాటిల్లోకి దిగింది.
డోరు చెంగమ్మ నడుం కాడికొచ్చింది.
"ఈపొద్దు బండి పొట్టిదయిందే" అనింది,
గడ్డం పన్లేకుండా ట్రే తోసేస్తా.
ముక్కు ఆకాశం చూస్తుండాదని ఎవురూ అనలా.

లోడు అయినాక
బండి గోతుల్లోంచి లేయలా.
చక్రాలు తిరగతాయి, బురద చిమ్మతాది, అంతే.
ఐసు కరగతా ఉండాది.
నలుగురొచ్చి తోసినారు.
చెంగమ్మ గూడా తోసింది,
నన్ను తిట్టుకుంటా, గడ్డం ఆనించి.